పనివేళలు దాటిన తరువాత బ్యాంకాక్

తెలుగువాడు పని మీద బ్యాంకాక్ వెళ్తున్నానని చెబితే, వినేవారి మొహంలో ముందుగా కనిపించేది ఒక చిరునవ్వు. దాని వెనక ఉన్నదేమిటో చెప్పేవాడికీ, వినేవాడికీ తెలుసు. సిమెంటు, ఎరువులు, పురుగుమందులు, రంగులు అమ్మే కంపెనీలు అమ్మకాల లక్ష్యం దాటిన డీలర్లను బృందాలుగా విమానమెక్కించి బ్యాంకాక్, పట్టాయా తిప్పి తీసుకురావడం మన ఊళ్ళలో ఏళ్ళ తరబడి సాగుతున్న ఆనవాయితీ. అలా వెళ్ళివచ్చినవారి కబుర్లతోనే ఆ నగరం గురించి మన ఊహ తయారయింది. ఈ ఊహకు ఎదురుగా మర్యాదస్తుల ఊహ ఇంకొకటి ఉంది. దాని ప్రకారం బ్యాంకాక్ అంటే రామాయణం, బ్రహ్మదేవుడి గుడి, సంస్కృతం పేర్లు, మొత్తం మీద సముద్రం దాటి వెళ్ళిన మన సంస్కృతి. ఈ రెండు ఊహలూ ఒకదాన్నొకటి ఈసడించుకుంటాయి కానీ, ఆ నగరాన్ని చూడనివ్వకపోవడంలో మాత్రం రెండింటిదీ ఒకటే తీరు.

నేను మందుల తయారీకి సంబంధించిన వ్యాపారంలో ఉన్నాను. ప్రదర్శనల కోసం, కొనుగోలుదారులతో మాటల కోసం బ్యాంకాక్ వెళ్ళవలసి వస్తుంటుంది. అక్కడ పని మీద వెళ్ళినవాడికి దొరికే కొద్దిపాటి వేళలు విహారయాత్రకు వెళ్ళినవాడికి దొరికే వారం రోజుల కంటే తక్కువవి కావనీ, వాటిని వాడుకోవడం తెలిస్తే ఎక్కువ విలువైనవి కూడా కావచ్చుననీ నా అభిప్రాయం. ఈ మాట అన్నప్పుడల్లా నా తోటి ఉద్యోగులు కాదంటారు కాబట్టి, కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వాళ్ళ పద్ధతి చెప్పాలి. చివరి సమావేశం అయ్యాక అయిదారు గంటల తీరిక ఉంటుంది. ఎవరో ఒకరు హోటల్ వాళ్ళతో మాట్లాడి కారు పిలిపిస్తారు. రాజప్రాసాదం, పవళించిన బుద్ధుడు, బంగారు బుద్ధుడు, ఎరావన్ గుడి, ఆ తరువాత ఒక పెద్ద దుకాణం అని జాబితా తయారవుతుంది. కారు సుఖుంవిత్ దారిలోకి వచ్చి నిలబడిపోతుంది. బ్యాంకాక్ రద్దీని హైదరాబాద్‌లో ఉండేవారికి ప్రత్యేకంగా వర్ణించనవసరం లేదు. మనకంటే వాళ్ళు హారన్ చాలా తక్కువ కొడతారు కాబట్టి ఎంతసేపు ఆగిపోయామో వెంటనే తెలియదు, అంతే తేడా. రాజప్రాసాదం చేరేసరికి దాని టికెట్లు ఇచ్చే సమయం దాటిపోతుంది, ఎందుకంటే అక్కడ మధ్యాహ్నం మూడున్నరకే టికెట్లు ఆపేస్తారు. అది తెరిచి ఉన్న వేళలో వెళ్ళినా, బయట నిలబడిన ఒక పెద్దమనిషి ఈ రోజు ఏదో పూజ ఉంది, మూసేశారు అని నమ్మకంగా చెప్పి, ఇంకో గుడి చూపిస్తానంటూ టుక్‌టుక్ ఎక్కించి రత్నాల దుకాణానికి చేర్చే ఏర్పాటు ఆ గోడల పక్కన ఎంతోకాలంగా ఉన్నదే. చివరికి నాలుగు ఫొటోలు, రెండు సంచులు, బోలెడంత విసుగు మిగులుతాయి. తప్పు సమయానిది కాదు, కారుదీ, జాబితాదీ.

పని మీద వెళ్ళినవాడి రోజును ఒకసారి విప్పి చూస్తే అందులో ఎన్ని ఖాళీలున్నాయో తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి రాత్రిపూట బయల్దేరే విమానం మూడున్నర గంటల్లో, తెల్లవారే వేళకు సువర్ణభూమి విమానాశ్రయంలో దించుతుంది. హోటల్‌లో గది మధ్యాహ్నం గానీ ఇవ్వరు. ఆ పూట సమావేశాలు పెట్టుకునేవారు తక్కువ, నిద్ర సరిపోక లాబీలో సోఫాల మీద కునికేవారే ఎక్కువ. పెట్టె కౌంటర్ దగ్గర అప్పజెప్పి, మొహం కడుక్కుని బయటపడితే ఆ ఉదయం మొత్తం చేతిలో ఉన్నట్టే. ఇక రెండోది, థాయ్‌లాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది. అందుకే అక్కడ ఉదయం ఆరింటికి లేవడం మన ఒంటికి నాలుగున్నరకు లేవడంతో సమానం, అది నాకు చాతకాదు. అదే లెక్కన అక్కడ రాత్రి పదిన్నర అయినప్పుడు మన ఒంటికి ఇంకా తొమ్మిదే. అక్కడివారు ఆవులించే వేళకు మనకు ఇంకా హుషారు ఉంటుంది. కనుక అందరూ ఇచ్చే తెల్లవారుజామున లేవండి అనే సలహా భారతదేశం నుంచి వెళ్ళేవాడికి పనికిరాదు. మనకు అక్కడ కలిసివచ్చేది రాత్రి.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. విహారానికి వెళ్ళినవాడు ఎప్పుడు పడితే అప్పుడు బయల్దేరవచ్చు గనుక అతడు తనలాంటి విహారుల మధ్యనే తిరుగుతాడు. పని మీద వెళ్ళినవాడు ఆ ఊరివాళ్ళు ఆఫీసులకు వెళ్ళే వేళకు వెళ్ళి, వాళ్ళు తిరిగివచ్చే వేళకు తిరిగివస్తాడు. కోరుకోకపోయినా వాళ్ళ మధ్యే నిలబడతాడు. రైల్లో పక్కన నిలబడిన మనిషి తనలాగే అలసిపోయి ఉంటాడు. ఆ ఇరుకును తప్పించుకోవడానికి కంపెనీ ఖర్చుతో కారు తీసుకోవడమంటే, అప్పనంగా దొరికినదాన్ని డబ్బిచ్చి వదిలించుకోవడమే.

బ్యాంకాక్‌లో ఈ పని చాలా సులువు కావడానికి కారణం అక్కడి భూగర్భ మెట్రో. ప్రదర్శనలు జరిగే క్వీన్ సిరికిట్ జాతీయ సమావేశ కేంద్రం 1991లో ప్రపంచ బ్యాంకు, ద్రవ్యనిధి వార్షిక సమావేశాల కోసం కట్టినది; దాన్ని పూర్తిగా మళ్ళీ కట్టి 2022లో తెరిచారు. ఆ కేంద్రానికి సొంత మెట్రో స్టేషన్ ఉంది. ఆ స్టేషన్ ఉన్న నీలి మార్గాన్నే 2019లో పాత నగరం కిందుగా, నది అవతలికి పొడిగించారు. దాంతో మెడలో ప్రదర్శన బిళ్ళ వేలాడుతుండగానే రైలెక్కి, ఎక్కడా మారకుండా, వాట్ మంగ్కోన్‌లో దిగితే చైనావాళ్ళ బజారు, సామ్ యోత్‌లో దిగితే మహా ఊయల అనే ఎత్తైన పాత కొయ్య కట్టడం, సనామ్ చాయ్‌లో దిగితే పవళించిన బుద్ధుడి గుడి వాట్ ఫో చేరవచ్చు. రాజప్రాసాదం మూసేసిన తరువాత కూడా వాట్ ఫో తెరిచే ఉంటుంది. సాయంత్రం అయిదు దాటాక పర్యాటకుల బస్సులు వెళ్ళిపోయి, 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధుడి చుట్టూ తోపులాట తగ్గి, గోడ వెంట వరుసగా పెట్టిన 108 కంచు పాత్రల్లో భక్తులు ఒక్కొక్కటిగా వేసే నాణేల చప్పుడు వినిపిస్తుంది. ముత్యపు చిప్పలతో 108 శుభ చిహ్నాలు పొదిగిన ఆ పాదాల దగ్గర, ఎవరూ వెనకనుంచి నెట్టకుండా ఎంతసేపైనా నిలబడవచ్చు. ఇంకో చిన్న సదుపాయం కూడా ఉంది: ఆ గుళ్ళలోకి నిక్కర్లు, చేతుల్లేని చొక్కాలు తగవు గనుక విహారులు అద్దె లుంగీల కోసం వెతుక్కుంటుంటే, ఆఫీసు ప్యాంటు, చొక్కా వేసుకున్నవాడు తిన్నగా లోపలికి వెళ్ళిపోతాడు.

మెట్రో గురించి ఇంత చెప్పినా, ఒక్క సాయంత్రమే చేతిలో ఉన్నవాడికి నేను చెప్పేది మాత్రం పడవ. బ్యాంకాక్ కాలువల ఊరు. చాలా కాలువలను పూడ్చి రోడ్లు వేశారు, మిగిలినవాటిలో సేన్ సేప్ కాలువ ఇప్పటికీ ఆ ఊరి జనాన్ని పనులకు చేరవేస్తోంది. మూడవ రామ అనే బిరుదున్న థాయ్ రాజు కాలంలో, 1837 నుంచి 1840 వరకు, తూర్పున వియత్నాంతో జరుగుతున్న యుద్ధానికి సైన్యాన్ని, సరంజామాను తరలించడానికి దీన్ని తవ్వారు. ఇప్పటి పడవల సర్వీసు 1990లో మొదలైంది. అసోక్ దగ్గరి రేవులో నేను ఎక్కినప్పుడు ముందు అర్థం కానిది, గట్టుకు తాళ్ళు కట్టి ఆపేంత సేపు కూడా పడవ నిలవకపోవడం. జనం గబగబా దూకుతారు, దిగేవారు దిగుతారు, అంతలోనే పడవ ముక్కు పైకెత్తి పరుగు తీస్తుంది. ఎదురుగా ఇంకో పడవ వస్తే నీళ్ళు ఎగిసి లోపల పడతాయి. అప్పుడు అంచున కూర్చున్న ఆడవాళ్ళు, ఫోన్ మీంచి కళ్ళు తిప్పకుండానే, పక్కనున్న తాడు లాగి ప్లాస్టిక్ తెరను పైకెత్తుతారు. ఆ నీళ్ళు ఎంత మురికివో వాసనే చెబుతుంది గనుక, రెండోసారి తాడు నేనే లాగాను. టికెట్లిచ్చే మనిషి నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, పడవ బయటి అంచు మీద, ఒక చేత్తో తాడు పట్టుకుని నడుస్తూ ఇంకో చేత్తో డబ్బులు అందుకుంటాడు. వంతెనల కింద దూరేటప్పుడు అతడు తల వంచే తీరు చూస్తే హెల్మెట్ ఎందుకో తెలుస్తుంది.

ఆ కాలువ వెంట కనిపించేది బ్యాంకాక్ పెరడు. గాజు మేడల వెనక వైపులు, కుండీల్లో మిరప మొక్కలు, ఆరేసిన బట్టలు, నీళ్ళ మీదికి వాలిన తాటాకంత ఆకుల చెట్లు, నడుమ ఒక మసీదు. ఆ మసీదు చుట్టూ ఉన్న బాన్ ఖ్రువా పేటలో ఉండేవారు చామ్ జాతి ముస్లింలు. మొదటి రామ రాజు పక్షాన యుద్ధం చేసినందుకు వాళ్ళ పూర్వీకులకు ఆ నేల దక్కింది. వాళ్ళు పట్టు నేతగాళ్ళు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ స్థిరపడిన జిమ్ థాంప్సన్ అనే అమెరికన్, వాళ్ళ మగ్గాల మీది పట్టును ప్రపంచానికి అమ్మి పేరు తెచ్చుకున్నాడు. కాలువకు ఇవతలి గట్టున, వాళ్ళ పేటకు సరిగ్గా ఎదురుగా, పాత టేకు ఇళ్ళను విప్పి తెచ్చి ఇల్లు కట్టుకున్నాడు. 1967లో మలేసియాలోని కామెరాన్ కొండల్లో షికారుకని బయల్దేరి మాయమయ్యాడు, ఇంతవరకు ఆచూకీ లేదు. అతని ఇల్లు ఇప్పుడు మ్యూజియం, అందరూ చూస్తారు. పోచంపల్లి, గద్వాల నేతల గురించి కొంచెమైనా తెలిసినవారికి ఇవతలి గట్టు కంటే అవతలి గట్టు మీదికే చూపు పోవాలి. అమ్మినవాడి ఇంటికి టికెట్ ఉంటుంది, నేసినవాడి ఇంటికి ఉండదు.

చావో ఫ్రాయా నది మీది ఎక్స్‌ప్రెస్ పడవలు కాలువ పడవలకంటే పెద్దవి, నిదానమైనవి. స్కైట్రెయిన్ సఫాన్ తాక్సిన్ స్టేషన్ దిగువనే సాథోన్ రేవు ఉంది. అక్కడ విహారుల కోసం వ్యాఖ్యానంతో సహా నడిచే పడవ ఒకటి, నారింజ రంగు జెండాతో ఊరివాళ్ళు ఎక్కే పడవ ఒకటి దొరుకుతాయి. టికెట్ బల్ల దగ్గర మొదటిదాన్నే చూపిస్తారు, రెండోదాన్ని అడిగి ఎక్కాలి. పడవ వెనక నిలబడిన కుర్రాడు రేవు దగ్గరపడగానే ఈల వేస్తూ నడిపేవాడికి ఎంత వెనక్కు, ఎంత పక్కకు అని సైగ చేస్తుంటాడు. భిక్షువుల కోసం కేటాయించిన జాగా ఒకటి ఉంటుంది. బడి పిల్లలు, నర్సులు, గుమస్తాలు నిలబడి ఉంటారు. నీళ్ళ మీద మన చెరువుల్లో కనిపించే గుర్రపుడెక్కే పచ్చని దిబ్బలుగా కొట్టుకొస్తుంటుంది. ఒక చిన్న టగ్గు తనకంటే ఎన్నో రెట్లు పెద్దవైన సరుకు పడవలను వరుసగా కట్టుకుని ఈడుస్తుంటుంది. పశ్చిమ గట్టున వాట్ అరుణ్ గోపురం, చైనా పింగాణీ ముక్కలతో పొదిగినది, ఎండ వాలేటప్పుడు పడవలోంచి కనిపించినంత బాగా దాని మెట్ల మీదనుంచి కనిపించదు.

రాత్రికి నేను ఎంచుకునేది పూల బజారు. మెమోరియల్ వంతెన దగ్గరి పాక్ ఖ్లోంగ్ తలాత్ ఇరవై నాలుగు గంటలూ సాగే బజారే అయినా, దానికి ప్రాణం వచ్చేది చీకటి పడ్డాకే. లారీల్లోంచి బంతిపూలు దిగుతుంటాయి. మల్లెమొగ్గలు ఐసు ముక్కల పక్కన కుప్పలుగా ఉంటాయి. తామర మొగ్గల రేకులను ఒక్కొక్కటే లోపలికి మడిచి ఇంకో రకం పువ్వులా చేసే ఆడవాళ్ళ వేళ్ళు మాటల మధ్య కూడా ఆగవు. ఫువాంగ్ మాలై అనే చిన్న దండలు గుడికీ, ఇంటికీ, టాక్సీలో అద్దం దగ్గర కట్టడానికీ వాడతారు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ వెనక సందుల్లో పెరిగినవాణ్ణి కావడం వల్ల, అక్కడ బేరం భాష రాకపోయినా బేరం ఎక్కడుందో మాత్రం నాకు తెలిసిపోయింది. బజారు పక్కనే ఫహురాత్, పంజాబీ బట్టల వ్యాపారుల పేట, గురుద్వారా. శాకాహారులు అన్నం కోసం అక్కడికే పరుగెత్తుతారు గానీ, పసుపు జెండా మీద ఎర్రటి అక్షరంతో ‘జే’ అని రాసిన థాయ్ దుకాణాల్లో మాంసం, చేప, గుడ్డు, చేపల సాస్, చివరికి వెల్లుల్లి కూడా ఉండవన్న సంగతి తెలిస్తే మూడు పూటలా దాల్ కోసం వెతుక్కోనవసరం లేదు.

బజారుకు వెళ్ళే ఓపిక లేని రోజున, సమావేశ కేంద్రాన్ని ఆనుకుని ఉన్న బెంజకిట్టి తోట చాలు. ఒకప్పుడు పొగాకు సంస్థ ఫ్యాక్టరీ ఉన్న నేల మీద చిత్తడి నేలలు, వాటి మీదుగా ఎత్తైన నడక దారి కట్టారు. సాయంత్రం ఆరు కాగానే జాతీయ గీతం మోగితే పరుగెత్తేవారు పరుగెత్తే చోటనే నిలబడిపోతారు, గీతం అయిపోగానే మళ్ళీ కదులుతారు. విదేశీయులు కూడా నిలబడాలి, అది మర్యాద.

ఇక మర్యాదస్తుల ఊహ దగ్గరికి వస్తాను, ఎందుకంటే చదువుకున్న తెలుగువారిని ఎక్కువ చెడగొట్టేది అదే. రాజప్రాసాదం ఆవరణలోని వాట్ ఫ్రా కేవ్, అంటే పచ్చ బుద్ధుడి గుడి, చుట్టు మండపంలో థాయ్ రామాయణమైన రామకియెన్ కథ 178 చిత్రాలుగా గోడల పొడవునా ఉంది. మనవాళ్ళు అక్కడికి వెళ్ళి, అదుగో హనుమంతుడు, అదుగో రావణుడు అని రెండు నిమిషాల్లో గుర్తుపట్టి, ఇదంతా మనదే అని సంతోషపడి, ముందుకు వెళ్ళిపోతారు. మనదే అనుకున్న క్షణంలోనే చూడడం ఆగిపోతుంది. అది మనది కాదు. 1767లో బర్మా సైన్యాలు అప్పటి రాజధాని అయుత్థయాను తగలబెట్టాక, అందులో పాత గ్రంథాలు చాలావరకు పోయాక, 1782లో బ్యాంకాక్‌ను రాజధానిగా చేసుకున్న మొదటి రామ రాజు తన కొత్త రాజ్యానికి నిలకడ కావాలని 1797లో కూర్పించిన కావ్యం అది. అందులో సీత రావణుడి కూతురు. హనుమంతుడు తెల్లని కోతి, బ్రహ్మచారి కాడు. వారధి కడుతుంటే రాళ్ళు ఎత్తుకుపోతున్న మత్స్యకన్య సువర్ణమచ్ఛాను వెంటాడి, ఆమె మనసు గెలుచుకుంటాడు. ఆమె కూడా రావణుడి కూతురే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఈ బొమ్మ చూస్తే లెంపలేసుకుంటారు.

ఇంకాస్త నిలబడి చూస్తే దొరికేది ఇంకోటి ఉంది. మైరావణుడి కథ వాల్మీకంలో లేదు. అయినా తోలుబొమ్మలాటల పుణ్యమా అని మన పల్లెల్లో తెలియనివారు లేరు. రామలక్ష్మణులను ఎత్తుకుపోకుండా హనుమంతుడు తోకతో కోట కట్టి కాపలా కాస్తాడు. పాతాళంలో అతణ్ణి అడ్డగించేది అతని చెమట బొట్టు మింగిన చేపకు పుట్టిన మత్స్యవల్లభుడు. అదే మైరావణుడు బ్యాంకాక్ గోడ మీద మైయరాప్. అక్కడి హనుమంతుడు తోక చుట్టడు; కొండంత పెరిగి, రాముడి విడిదిని నోట్లో పెట్టుకుని కూర్చుంటాడు. కొడుకు మచ్ఛాను చెమట బొట్టు వల్ల కాదు, సువర్ణమచ్ఛా ప్రేమ వల్ల పుట్టినవాడు. వాల్మీకి రామాయణం ఒక్కటే తెలిసిన పండితుడికి ఈ చిత్రం తప్పులా కనిపిస్తుంది. తోలుబొమ్మలాట చూసి పెరిగినవాడికి, ఒకే కథను ఇద్దరు వేర్వేరు ఊళ్ళలో ఎందుకిలా చెప్పుకున్నారన్న కుతూహలం కలుగుతుంది. ఆ కుతూహలానికి కావలసింది తీరిక. జాబితాలో రాజప్రాసాదానికి నలభై నిమిషాలు ఇచ్చినవాడికి అది దొరకదు. పచ్చ బుద్ధుడు అని పేరున్నా పచ్చలతో చేసినది కాదు, 66 సెంటీమీటర్ల ఎత్తున్న మామూలు ఆకుపచ్చ రాతి మూర్తి. రాజు గానీ, ఆయన తరఫున రాజకుటుంబీకులు గానీ ఏడాదికి మూడుసార్లు రుతువును బట్టి దానికి వస్త్రాలు మారుస్తారు. దాన్ని అందరూ చూస్తారు, చూడాలి కూడా. నేననేది మండపం గురించి.

ఇదంతా కంపెనీ డబ్బుతో షికారు కాదా అని అడిగేవారున్నారు. సమావేశం జరపడానికి పంపినవాడు సమావేశం జరిపాడా, సిద్ధమై వెళ్ళాడా, తిరిగివచ్చి నివేదిక రాశాడా అన్నదే కంపెనీ అడగవలసింది. ఆరు తరువాత అతడు పడవెక్కాడా, హోటల్ గదిలో టీవీ చూశాడా అన్నది కాదు. దీన్ని సమర్థించడానికి చాలామంది ఊరు చూస్తే వ్యాపార సంబంధాలు బలపడతాయి అంటారు. థాయ్ కొనుగోలుదారుతో భోజనం దగ్గర సేన్ సేప్ పడవ ప్రస్తావన తెస్తే అతడు ఆశ్చర్యపోయి నవ్వడం, మాట తేలికపడడం నిజమే. అయినా ఆ వాదన నాకు నచ్చదు. లాభం చూపించి అనుమతి తెచ్చుకున్న కుతూహలం ఆ లాభం రాని రోజున నేరమైపోతుంది. మన ఉద్యోగాల్లో ఇప్పటికే ప్రతి గంటకూ లెక్క చెప్పే అలవాటు పెరిగింది, సాయంత్రాలకు కూడా చెప్పుకోవడం మొదలుపెడితే ఇక ఏదీ మిగలదు.

హద్దులు మాత్రం నాకున్నాయి. గుడి చూడడానికని సమావేశం వేళ మార్చమని అడగను. పడవ టికెట్లు, పూలు, ప్రవేశ రుసుములు ఖర్చుల పద్దులో రాయను. సాయంకాలం ఆతిథ్యమిచ్చేవారు భోజనానికి పిలిస్తే వెళ్తాను, ఆ రోజుకు బజారు లేనట్టే. రాజప్రాసాదం మాత్రం ఈ వేళల్లో ఇమడదు: ఉదయం ఎనిమిదిన్నరకు తెరిచి మధ్యాహ్నం మూడున్నరకు టికెట్లు ఆపేసే చోటును పనిరోజులో ఎలా దూర్చినా నష్టమే. అందుకని ప్రయాణం టికెట్లు కొనే రోజునే, తిరుగు విమానం ఒక రోజు తరువాత పెట్టమని అడుగుతాను. విమానం ధరలో తేడా ఉంటే అది కూడా నేనే కడతాను. ఆ ఒక్క రాత్రికి నా సొంత డబ్బుతో, ప్రదర్శన రోజుల హోటల్ కాకుండా, పాత నగరంలో ఏదో చిన్న గది తీసుకుంటే, పొద్దున్నే తలుపులు తెరిచే వేళకు నడిచి వెళ్ళి, 500 భాట్ల టికెట్ కొని, జనం పచ్చ బుద్ధుడి వైపు పోతుంటే, మండపంలో మొదటి చిత్రం నుంచి, జనకుడు భూమిలోంచి సీతను పైకి తీసే చోటు నుంచి, వరుసగా నడవవచ్చు.